మూడు రోజులు తల తడపకూడదు

మా అత్తగారికి నా ఉంగరాల జుట్టంటే మొదట్నుంచీ ఒళ్లు మంట. పెళ్లయిన ఏడాదే, క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చి ముందు అందరం ఫోటోకి నిలబడితే, "అమ్మాయ్, నువ్వు వెనక్కెళ్లు. ఆ చింపిరి జుట్టు పిల్లల మొహాలకి అడ్డమొస్తోంది" అన్నారు. తొమ్మిది క్రిస్మస్‌లు వెనక వరసలోనే నిలబడ్డాను. అందుకు ఆవిడని క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు. నా వరకే అయితే పళ్లు బిగించి ఊరుకునేదాన్నేమో. నా కూతురికి కూడా అచ్చం నా జుట్టే వచ్చింది. దానికి ఆరేళ్లు. పోయినేడు దాన్ని కూడా చెయ్యి పట్టి లాక్కొచ్చి నా పక్కన నిలబెట్టారు.

దాంతో ఈసారి నాకు పంతం పుట్టింది. నేను ముందుకెళ్తే దాన్నీ నా పక్కనే నిలబెట్టుకోవచ్చు, ఇద్దరం ముందు వరసలో నిలబడాల్సిందే. నేను గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. సెలవులిచ్చిన మర్నాడు, ఇరవై రెండు పొద్దున్నే, పార్లర్‌కి వెళ్లి అయిదు గంటలు కదలకుండా కూర్చుని స్మూథెనింగ్ చేయించుకున్నాను. మందు ఘాటుకి కళ్లల్లో నీళ్లు కారాయి. అయితేనేం, జుట్టు నడుందాకా నిటారుగా దిగింది. "మూడు రోజులు తల తడపకూడదు మేడమ్. జడ వేయకూడదు, క్లిప్పు కూడా పెట్టకూడదు. తడిసిందంటే మళ్లీ మొదటికే" అంది పార్లరమ్మాయి. పండగ రోజు పొద్దున తలంటుకుని ఆరాధనకి వెళ్లొచ్చని సంబరపడ్డాను. ఇంటికొచ్చి, "ఇప్పుడు చూడు, అమ్మ ఎంత బాగుందో!" అని నా కూతురికి పదేపదే చూపించుకున్నాను.

మర్నాడు దివిసీమలో అత్తగారి ఊరికి వెళ్లాం. గుమ్మంలోనే ఆవిడ నా తల నిమిరి, "బాగుందే అమ్మాయ్! నీళ్లు తగిలితే ఏమవుద్ది?" అన్నారు. తొమ్మిదేళ్లలో మొదటి మెప్పు. పొంగిపోయి, బుద్ధి లేక, ఉన్నదంతా చెప్పేశాను.

బందరులో మా పుట్టింటి సంఘంలో పసిపిల్లలకే నెత్తిన నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. అత్తగారి సంఘంలో అది చెల్లదు, పెద్దయ్యాక నీళ్లలో మునగాలి. నాకు జనవరి ఒకటిన అని ఎప్పుడో నిర్ణయమైంది. ఆ సాయంత్రం పాస్టరుగారు టీకి వచ్చి, "మీ అత్తగారు అడిగారమ్మా. అప్పటిదాకా ఎందుకు, రేపే పాలకాయతిప్ప దగ్గర సముద్రంలో ఇచ్చేద్దాం. పండక్కి నువ్వు కూడా మాతోపాటు రొట్టె, ద్రాక్షారసం తీసుకోవచ్చు" అన్నారు.

"ఒకటో తారీఖునే తీసుకుంటానండి" అన్నాను.

మా అత్తగారు ఇంటినిండా ఉన్న చుట్టాలకి వినబడేలా, "చూశారా అయ్యగారూ! జుట్టు తడుస్తుందని ప్రభువునే ఆగమంటోంది!" అన్నారు. అందరూ నావైపే చూశారు. మా ఆయన ఫోనులోంచి తల ఎత్తితే ఒట్టు. కడుపు మండిపోతున్నా "సరేనండి" అన్నాను.

ఇరవై నాలుగు పొద్దున తెల్లచీర కట్టుకుని సముద్రం దగ్గరికి వెళ్లాను. సిగ్గు విడిచి ఒక ప్లాస్టిక్ టోపీ కూడా పట్టుకెళ్లాను. "అయ్యగారూ, ఇది పెట్టుకుని మునగొచ్చాండీ?" అనడిగాను. ఆయన నవ్వు ఆపుకుని, "మునగడమంటే మొత్తం మునగడమేనమ్మా" అన్నారు. నడుం లోతు నీళ్లలో నిలబెట్టి, "ఎవరి మీదైనా పగ గానీ కోపం గానీ ఉందామ్మా?" అనడిగారు. ఒడ్డున మా అత్తగారు తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "లేదండి" అన్నాను. అంత పచ్చి అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ముంచారు. ఉప్పునీళ్లు ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరయ్యాను. ఒడ్డుకి రాగానే ఆవిడ తువ్వాలుతో నా తల బరబరా రుద్ది, "దేవుడిచ్చిన జుట్టు మళ్లీ దేవుడే ఇచ్చాడు, స్తోత్రం!" అన్నారు. ఆ సంతోషం చూస్తే ఒళ్లు జలదరించింది. గాలికి ఆరేకొద్దీ చెవుల దగ్గర మొదలై ఒక్కో పాయా మెలికలు తిరిగి పైకి లేచింది. అయిందేదో అయింది, ఇవాళ ఈ మనిషిని నలుగురిలో కడిగేస్తాను అనుకున్నాను. తొమ్మిదేళ్ల మాటలన్నీ నాలిక చివరికి వచ్చి నిలబడ్డాయి.

అంతలో నా కూతురు ఇసకలో పరుగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. దాని మొహం చిన్నబోయింది.

"అయ్యో అమ్మా, మళ్లీ నాలా అయిపోయావు" అంది జాలిగా.

మా అత్తగారు దాన్ని వెనక వరసకి లాగింది ఒక్క ఏడాదే. నిటారు జుట్టే జుట్టని రెండు రోజుల్లో దానికి నూరిపోసింది నేను. ఆవిడ కోసం కూడబెట్టుకున్న తిట్లన్నీ అక్కడే, ఆ ఇసకలో, నాకే సరిపోయాయి.