మూడు ఖాళీ రోజులు: మా మామగారు నరసయ్య పంతులు

అరకు ప్రాంతంలో ముప్పై ఏళ్ళు కాంపు గుమాస్తాగా పనిచేసిన మా మామగారు నరసయ్య పంతులుగారు డుంబ్రిగుడలో పరమపదించి నేటికి తొమ్మిది రోజులు. ఆ వార్త చెవిని పడినప్పుడు నేను శృంగవరపుకోట సత్రం అరుగుమీద కాళ్ళు కడుక్కుంటున్నాను. చెంబు చేతిలో అలాగే ఉండిపోయింది. ముందురోజు తెల్లవారగానే తన చేత్తో మమ్మల్ని బండి ఎక్కించి, "బేగి కదలండి, ఎండెక్కిపోతాది" అని ఎద్దులను అదిలించిన మనిషి పోయాడంటే నమ్మడం ఎలా? వకీలును గనక ఋజువు అడగడం నాకు అలవాటు. ఋజువు నా ఎదుటే ఉంది. మా మామగారి చేతివ్రాతతో ఉన్న కవరు పట్టుకుని ఒక కొండమనిషి నిలబడి ఉన్నాడు.

కాంపు గుమాస్తా అంటే ఏమిటో మైదానం వాళ్ళకు చెప్పాలి. దొరలు మన్యంలో తిరగడానికి బయలుదేరితే ఏ రోజు ఎక్కడ మజిలీ, ఎక్కడ మంచినీళ్ళు, ఏ లోయలో పొద్దువాలాక ఉండకూడదు అన్నది ముందుగా కాగితం మీద పెట్టేది ఆయనే. మన్యంలో మోతకు ఒక కట్టుబాటు ఉంది. ఒక ఊరివాళ్ళు బరువును తమ ఊరి హద్దు వరకే మోస్తారు. హద్దు రాయి దగ్గర దించి వెనక్కు తిరుగుతారు. అవతలి ఊరివాళ్ళు వచ్చి ఎత్తుకోవాలి. వాళ్ళకు ముందురోజే కబురు అందకపోతే దొర అయినా సరే, పెట్టెల మీద కూర్చుని దిక్కులు చూడవలసిందే. అందుకే పంతులుగారి కాగితంలో ప్రతి మజిలీకీ రెండు గళ్ళు ఉండేవి: దించువారు, ఎత్తుకొనువారు. ఆ రెండూ నిండనిదే ఆయన గుర్రానికి జీను వెయ్యనిచ్చేవారు కారు.

ఆయన పిరికివారని కచేరీలో ప్రతీతి. నేనూ ఆ మాట అన్నాను, ఒకసారి కాదు, పదిసార్లు. ఈ నాలుగు ముక్కలూ రాయడం ఆ మాటను నలుగురి ముందూ వెనక్కు తీసుకోవడానికే.

ఆ భయానికి పుట్టుక ఉంది. నా భార్య కామేశ్వరి ఏడాది పిల్లగా ఉన్నప్పుడు, ఒక దొర తొందరపెడితే, పంతులుగారు రెండు మజిలీలను ఒక రోజులో ఇరికించారట. అవతలి ఊరికి కబురు అందలేదు. కొండ దిగే ఘాటు దారిలో హద్దు రాయి దగ్గర పాతవాళ్ళు బరువు దించి వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు రాలేదు. దొర గుర్రం మీద ముందుకు పోయాడు. పంతులుగారూ, ఆయన ఇల్లాలూ, చంటిపిల్లా ఆ జ్వరపు లోయలోనే చిక్కుకుపోయారు. పక్షం తిరగకముందే మా అత్తగారు కాలం చేశారు. పిల్ల బతికింది గాని కొండజ్వరం ఒంట్లోనే గూడు కట్టుకుంది. అప్పటినుంచీ ఆయన ఏ ప్రోగ్రాములోనైనా ఖాళీ రోజులు వదలడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగిన ప్రతివాడికీ ఒకటే జవాబు: "దారి మనం వేసుకుంటాం. గండం తన దారి తాను వేసుకుంటుంది. దానికీ ఓ రోజు వదలాలి."

ఉద్యోగం చాలించాక కూడా ఆయన కొండ దిగలేదు. భార్యను దహనం చేసిన నేలను వదలడం ఇష్టం లేదని మాకు తెలుసు గనక ఎవరం బలవంతం చెయ్యలేదు.

నిరుడు కామేశ్వరికి జ్వరం తిరగబెట్టింది. కడుపులో బల్ల, అంటే ప్లీహం, పెరిగింది. ఇంకొక్క వానాకాలం జ్వరాన్ని ఆమె తట్టుకోలేదనీ, వానలు పడకముందే సముద్రం దాటించి అయిదారు నెలలు చలిదేశాల్లో తిప్పుకురమ్మనీ విజయనగరం డాక్టరు కచ్చితంగా చెప్పాడు. నేను ఎంత నీచుణ్ణో చూడండి, ఆ మాట విని భయంతోపాటు సంబరం కూడా పడ్డాను. యూరపు చూడాలని కాలేజీ రోజులనుంచీ కోరిక. ఒక్క వారంలో పధ్నాలుగు పట్టణాలతో ప్రోగ్రాము తయారుచేసి, మెప్పు పొందుదామని డుంబ్రిగుడ తీసుకుపోయాను.

పంతులుగారు అద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివారు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. వాల్తేరు దాటి ఎరగని ఆ మనిషి ఓడ కంపెనీ పుస్తకం, రైళ్ళ టైముపట్టిక, స్కూలు అట్లాసు ముందు పెట్టుకుని నెల్లాళ్ళు కూర్చున్నారు. అట్లాసు మీద దారం పరిచి, వెనిస్ నుంచి పారిస్ మన వాల్తేరు–మద్రాసు దారి కంటే దూరమని తేల్చారు. జబ్బుమనిషిని అంత దూరం ఒక్క బిగిన తీసుకుపోతావా అని నన్ను నిలదీశారు. పధ్నాలుగు పట్టణాలు అయిదయ్యాయి: నేపుల్స్, రోము, వెనిస్, పారిస్, లండన్. వెనిస్‌కూ పారిస్‌కూ నడుమ కొండగాలి ఉన్న ఒక చిన్న ఊళ్ళో వారం విశ్రాంతి. రెండు రోజులు వరసగా రైలు లేదు. ఏ ఊరు చేరినా పొద్దుండగానే చేరాలి. నాకు ఒళ్ళు మండింది. ఆలస్యం అమృతం విషం అంటారు గదా మామగారూ అన్నాను. "తొందరపడి తాగితే అమృతమైనా పొలమారుతుంది నాయనా" అన్నారు.

నవ్వు వచ్చే ఘట్టం ఒకటి చెప్పాలి. ఇటలీ హద్దు దగ్గర ఆయన సగం రోజు వదిలారు. ఎందుకంటే, ఇటలీ కూలీ హద్దు దాటడు గదా, పెట్టెలు దించి పోతాడు, అవతలివాళ్ళు వచ్చి ఎత్తుకునేదాకా కూర్చోవాలి గదా అన్నారు. నేను పడీపడీ నవ్వాను. అక్కడ పెట్టెలు రైల్లోనే పోతాయి మహాప్రభో అన్నాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. మర్నాడు ఓడ కంపెనీ పుస్తకం తెచ్చి ఒక పేజీ నా ముందు పెట్టారు. హద్దు దగ్గర ప్రయాణికులు దిగాలనీ, పెట్టెలు విప్పి చూపించాలనీ, జాప్యం కావచ్చుననీ అందులో ఉంది. కారణం తప్పయినా సగం రోజు మాత్రం తప్పు కాలేదు.

మేము నిజంగా పోట్లాడుకున్నది కొలంబో దగ్గర. ఓడకు ముందు అక్కడ మూడు రోజులు ఖాళీ వదిలారు. గళ్ళలో దించువారూ లేరు, ఎత్తుకొనువారూ లేరు. మూడు రోజులు ముందు పోయే ఓడ ఎక్కి ఆ మూడు రోజులూ రోములో కలపమని బతిమాలాను, వాదించాను, చివరకు అనరాని మాట అన్నాను: "మీ భయం మీరు ఉంచుకోండి, మాకు అంటించకండి."

ఆయన అద్దాలు తీసి కాగితం మీద పెట్టారు. ఆ తర్వాత అన్నారు, "భయమున్నవాడే దారి వెయ్యాలి నాయనా. ధైర్యవంతుడు గుర్రం మీద ముందుకు పోతాడు. వెనకవాళ్ళు చస్తారు." మూడు రోజులూ అలాగే ఉన్నాయి.

వీడ్కోలుకు వెళ్ళినప్పుడు చైత్రమాసపు ఎండలో ఆయన కంబళి కప్పుకుని ఉన్నారు. కామేశ్వరి నుదురు ముట్టబోతే తప్పించుకుని, "నాకేటయింది, కొండచలి" అన్నారు. ఆవిడ నమ్మలేదు. ఉండిపోతానంది. ఓడ తప్పితే వానలు పడేలోగా మరొకటి దొరకదని కసురుకున్నారు. కూతుర్ని ఆయన కసరడం నేను చూడటం అదే మొదలు. ఘాటు దిగుతూ ఆ హద్దు రాయి దగ్గరకు వచ్చేసరికి కామేశ్వరి నా చెయ్యి పట్టుకుంది. లోయ దాటేదాకా వదల్లేదు. బండివాణ్ణి తొందరపెట్టాను.

ఇక ఆ కవరు సంగతి. తెచ్చినవాడి పేరు బుద్రు, ఏభై ఏళ్ళవాడు, ఘాటు కింద ఊరివాడు. మేము బయలుదేరిన మధ్యాహ్నమే పంతులుగారు పోయారట. అంత దూరం నుంచి కబురు ఇంత త్వరగా ఎలా వచ్చిందని అడిగాను.

"బాబుగోరు ముందే సెప్పించేసినారండి" అన్నాడు బుద్రు. "ఊరికో మనిసిని హద్దుకాడ కూకోబెట్టినారు. నాను నాలుగు దినాలై కూకున్నానండి. ఏటొస్తాదో తెల్దు. వొస్తే బేగి కోట సత్రానికి ఇచ్చెయ్ అన్నారు."

తన చావు కబురుకు తానే మోత ఏర్పాటు చేసుకున్నాడా మహానుభావుడు! ఒక్క హద్దు దగ్గర కూడా అది ఆగలేదు.

కవరులో ఒక చీటీ, ఒక ప్రోగ్రాము కాగితం. చీటీ ఇది: "చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు. ఇది అందిందంటే నేను లేను. వెనక్కి రావద్దు. కర్మ మా అన్నగారి అబ్బాయి చేస్తాడు. ఇచ్చేసిన పిల్లకి మూడు రోజులే మైల. ఆ మూడు రోజులూ కొలంబోలో వదిలాను, మీరున్న చోట వాడుకోండి. ఓడ తప్పకూడదు. మీరు ఓడ ఎక్కాక నాకు ముంచుకొస్తే తంతి ఇవ్వవద్దని ఇంట్లో చెప్పి ఉంచాను."

కామేశ్వరి చదివి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "నాన్నగారు లెక్క చూసుకున్నారు" అంది. తర్వాత ఏడ్చింది. మూడు రోజులు శృంగవరపుకోట సత్రంలో మైల పట్టి, నాలుగోనాడు స్నానం చేసి విజయనగరం పోయి రైలెక్కాం. నిన్న పొద్దుండగానే కొలంబో చేరాం. నా ఇష్టప్రకారం ఆ మూడు రోజులూ రోములో కలిపి ఉంటే ఈపాటికి ఓడ వెళ్ళిపోయి ఉండేది.

ఆ మహనీయుడికి శిలావిగ్రహాలు లేవు, బిరుదులు లేవు. ఆయన మజిలీలు నమ్ముకుని మన్యం దాటి ఇల్లు చేరిన ఎందరికో ఆయన పేరే తెలియదు. అటువంటి భయస్థుడు ఈ ప్రాంతానికి మళ్ళీ దొరకడు. నాకు అసలే దొరకడు.

రేపు ఉదయం ఓడ. సముద్రం ఇక్కడికి వినిపిస్తోంది. అవతల ఒక్క మనిషీ మాకు తెలియదు. ఇందాకటినుంచి కామేశ్వరి నుదురు మూడుసార్లు ముట్టి చూశాను. చల్లగానే ఉంది. నాలుగోసారి చెయ్యి పెట్టబోతే, "అచ్చం నాన్నగారిలా తయారయ్యారు" అని చెయ్యి తోసేసింది.

కవరులో వచ్చిన ప్రోగ్రాము కాగితం నా ముందు ఉంది. కొలంబో వరసలో ఖాళీగా వదిలిన గళ్ళు తన చేత్తోనే నింపి పంపారు. దించువారు: నరసయ్య. ఎత్తుకొనువారు అన్న చోట నా పేరు ఉంది.