చివరి రేవు దాకా

ఆ రోజు పొద్దుటినుంచీ సరంగు కాలుగాలిన పిల్లిలా లాంచీ అంతా తిరుగుతూనే ఉన్నాడు. ముందుకెళ్లి నీళ్లు చూశాడు, వెనక్కెళ్లి తాళ్లు చూశాడు, బిగించిన ముడినే విప్పి మళ్లీ బిగించాడు. ఏళ్ల తరబడి ఇదే నదిలో లాంచీ నడిపిన మనిషికి అంత హైరానా ఎందుకంటే, ఆ రోజు పరీక్ష నదికి. ఎండలు ముదిరిన నెలలో, నిండు బరువుతో, అడుగు తగలకుండా లాంచీ ఎక్కడిదాకా పోతే అక్కడిదాకే జలమార్గం కింద లెక్క. ఆ పైకి ఇక లాంచీ తిరగదు. చివరి రేవులో అతని అక్క ఉంది.

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆ ఊరికి బండిదారి లేదు. వారానికోసారి లాంచీ ఆగినంతసేపూ తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, కడుపునిండా తిట్టి పంపడం ఆవిడకు అలవాటు. ఆ తిట్లు పడకపోతే సరంగుకు వారం గడిచినట్టే ఉండదు.

నది కొలవడానికి లాంచీ ఎక్కిన ఆఫీసరు కుర్రవాడు, మాటకారి. కూర్చున్నచోటే లోకమంతా చుట్టేస్తున్నాడు.

"చైనాలో పడవదారి లక్ష కిలోమీటర్ల పైమాటేనండీ. రష్యాదీ ఇంచుమించు అంతే. కొన్ని దేశాలకు అసలు లేనే లేదు. మనకెంత ఉండాలంటారు, సరంగు గారూ?"

"మా అక్క రేవు దాకా ఉంటే చాలండి."

ఆఫీసరు నవ్వాడు. సరంగుకు నవ్వు రాలేదు. లాంచీ వెనక నీళ్ల ట్యాంకు నిండుగా ఉంటేనే నిండు బరువు. తెల్లారేసరికే ఆ ట్యాంకును గుట్టుచప్పుడు కాకుండా ఖాళీ చేసేశాడు మహానుభావుడు. పుట్టి బుద్ధెరిగాక చేసిన మొదటి మోసం, అందుకే కాళ్లు ఒక్కచోట నిలవడం లేదు.

తేలికపడ్డ లాంచీ మొదటి ఇసుకమేట దాటింది. రెండోదీ దాటింది. చివరి మలుపు తిరిగి రేవు కనబడగానే మూడో మేట అంచున ఆగిపోయింది. ముక్కు మేటకు ఆని, బరువు లేని వెనక భాగం పైకి లేచిందేమో, నీళ్లను తొయ్యాల్సిన పంకా సగం గాలిలోనే తిరుగుతోంది. ఇంజను ఒకటే గోల, లాంచీ మాత్రం మొరాయించింది.

"ఏమైందండీ?" అన్నాడు ఆఫీసరు.

"ఇంజనండి," నోటికొచ్చింది అనేశాడు సరంగు. "దీనికిది మామూలే."

"అయితే నది తప్పు కాదన్నమాట. బాగు చేయించండి, రేపు మళ్లీ వద్దాం."

సరంగుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక్క రోజు దొరికితే ఊరంతా పారలు పట్టుకుని దిగి మేట తవ్వేస్తారు.

అంతలో రేవుమీద అక్క కనబడింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది, ఊళ్లోకి తిరిగి కేకేసింది.

"రండర్రా! మావాడి లాంచీ ఇరుక్కుంది, నెట్టాలి!"

సరంగు రెండు చేతులూ ఊపుతూ గొంతు చించుకున్నాడు.

"అక్కా, రాకు! వెనక్కెళ్లు! లోతుంది!"

ఏనాడైనా అతని మాట వింటే కదా! రేవులో దిగి తిన్నగా నదికి అడ్డంపడి నడుచుకుంటూ వచ్చేసింది. వెనకే పదిమంది. లాంచీ మీద చెయ్యి వేసి, పైకి చూసి పకపకా నవ్వింది.

"లోతేమిట్రా నీ మొహం! నాకు మోకాలైనా తడవలేదు."

ఆఫీసరు వంగి ఆవిడ కాళ్లు చూశాడు. నది నడిమధ్యలో నిలబడ్డ అందరి కాళ్లూ చూశాడు. ఇంజను సంగతి ఇక అడగలేదు.

"గుడ్లప్పగించి చూస్తావేంరా? నువ్వూ దిగు," అంది అక్క. "అందరం ఓ పట్టు పడితే ఇట్టే కదులుతుంది."

సరంగు దిగాడు. అక్క పక్కన లాంచీకి భుజం ఆనించాడు. తనకు చేతనైనంత మెల్లగా నెట్టాడు.