సంచి విప్పకముందే

పేటలో అందరూ ఆమెను కర్టెన్లక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు, ముక్కు చివర కళ్లజోడు. ఎవరి ఇంటి కిటికీ ఎంత వెడల్పో, ఏ గోడ ఎటు ఒరిగిందో ఆమెకు తెలుసు. గుడ్డ అంచును వేళ్ల మధ్య నలిపి, కళ్లు మూసుకునే చెప్పేది: ఇది ఎండకు ఆగదు, ఇది ఉతికితే కుంచించుకుపోతుంది. షాపువాడు పట్టు అంటే పట్టనుకుని కొనేవాళ్లను చూసి జాలిపడేది. కళ్లను ఎవరైనా మోసం చేస్తారు గానీ తన చేతిని ఎవరూ మోసం చేయలేరని ఆమె ధీమా. ఆ ధీమాయే చివరికి కొంప ముంచింది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. మనిషి మంచివాడే కానీ నోరు మంచిది కాదు. మెట్టు మీద తటపటాయించే వాళ్లను చూస్తే, “దిగుతారా, ఫొటో తీయించుకుంటారా?” అని కసిరేవాడు. ఇంట్లో అయితే వంటలో ఉప్పు ఎక్కువన్నా ఆయనే, తక్కువన్నా ఆయనే. పెరటి షెడ్డు మీదికి పాకిన ద్రాక్షతీగ ఒక్కటే ఆయన చేత తిట్లు తినలేదు. ఆ కాయలతోనే ఏటా గాజు కుండల్లో వైన్ పెట్టేవాడు. ఆయన వైన్ మొదటి గుటకకు మొహం ముడుచుకుపోయేది, నాలుక గరుకెక్కేది. “మీ వైన్ అచ్చం మీలాగే ఉందండీ” అని ఆమె ఒకసారి నోరు జారింది. తిడతాడేమో అనుకుంటే, ఆ రోజంతా సంతోషంగా తిరిగాడు.

రొట్టెల దుకాణం పై అంతస్తులో నెలకోసారి జరిగే విందు కూడా ఆయన మొదలుపెట్టిందే. దుకాణం యజమాని, పళ్ల డాక్టరు, రిటైరైన లెక్కల మేడమ్, వీళ్లిద్దరూ. అందరూ తలా ఒక వంటకం, తలా ఒక సీసా తేవాలి. సీసాలు మూత తీసి, ఆమె కుట్టిన నల్లసంచుల్లో మెడదాకా దింపి, ఒకరు కలగాపులగం చేసి నంబర్ల బిళ్లలు కడతారు. తాగి, ఏది ఎలా ఉందో, ఎవరు తెచ్చారో చెప్పాలి. భోజనానికి ముందు అన్నిటికంటే నాసిరకం ఏదో తేల్చి, అది వద్దన్నవాళ్లే తమ చేత్తో దాన్ని వంటగదిలోని వెనిగర్ జాడీలో పొయ్యాలి. పోసిన తర్వాతే సంచులు విప్పాలి. ఆ చివరి నియమం పెట్టింది డ్రైవరే.

“విప్పకముందే పొయ్యాలి. విప్పాక జాలి పుడుతుంది” అనేవాడు.

జాడీలో పాత వెనిగర్ ఎప్పుడూ సగం ఉండేది. పాలకు తోడు వేసినట్టు, అందులో కొత్తగా పోసిందీ కొన్నాళ్లకు వెనిగరే అయ్యేది. ఆ రాత్రి కూరముక్కల మీద చల్లేది కూడా అందులోదే. ఆయన వైన్ ఎన్నోసార్లు ఆ జాడీ మొహం చూసింది. ప్రతిసారీ అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం ఆయన డిపోలో బస్సు పెట్టి, తాళంచెవి అప్పజెప్పి, బెంచీ మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

మొదట్లో ఆయన ఇల్లు వదల్లేదు. పొద్దున్నే షెడ్డులో దగ్గు వినిపించేది. మిషను తొక్కుతూ ఉంటే వెనక కుర్చీ కిర్రుమనేది. ఆమె తిరిగి చూసేది కాదు, సూది ఆపి వినేది అంతే. దయ్యాలకు భయపడేవాళ్లను మనం చూశాం. ఈవిడది తిరగబడ్డ భయం. ఆయన రావడం ఎక్కడ మానేస్తాడోనని ఆమె హడలిపోయేది. చివరికి అదే జరిగింది. దగ్గు ఆగింది, కుర్చీ ఊరుకుంది. ఆ తర్వాత గొంతు పోయింది. ఆయన మాటలన్నీ గుర్తున్నాయి, కానీ తలచుకుంటే అవి ఆమె గొంతుతోనే వినిపించేవి. మేకుకు వేలాడే చొక్కాలో కాస్త వాసన మిగిలి ఉంటే, పలకరించడానికి వచ్చిన చెల్లెలు సాయం చేద్దామని ఉతికి ఆరేసింది. ఆ రోజు ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. తన తప్పేమిటో ఆ చెల్లెలికి ఈనాటికీ అర్థం కాలేదు.

ఇక మిగిలింది షెడ్డు గూట్లో ఒక్క సీసా. ఆయన చేతి వైన్‌లో ఆఖరిది.

దాన్ని ఇంట్లో ఒంటరిగా విప్పడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. పైగా ఇంకో అనుమానం. ఇది ఆయనదని తెలిసి తాగితే, మనసు ఎలాగూ అవునవును అంటుంది. తెలియకుండా తాగి గుర్తుపట్టాలి. నాలుగు సీసాల్లో కళ్లకు గంతలు కట్టుకున్నట్టు గుర్తుపడితే ఆయన ఇంకా తనలో ఉన్నట్టు. పట్టలేకపోతే ఆయన పోయినట్టే, ఈసారి నిజంగా. ఇలా తనకు తానే పరీక్ష పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఆ సీసాను చేతిసంచిలో పెట్టుకుని విందుకు బయల్దేరింది.

రొట్టెలాయన తలుపు తీశాడు. ఆయన చేతుల మీద ఎప్పుడూ పిండి ఉంటుంది, స్నానం చేసినా పోదంటారు.

“రా వదినా! నువ్వు రావేమో అనుకున్నాం.”

“రాకపోతే మీ ఆలుగడ్డల వేపుడు ఎవరు తింటారు? ఉప్పు ఎక్కువని చెప్పే మనిషి ఉండొద్దూ?”

అందరూ నవ్వారు, ఆ వెంటనే ఆపేశారు. అది ఆయన అనాల్సిన మాట. బల్ల దగ్గర ఆయన కుర్చీని ఎవరూ తీయలేదు, అందులో ఎవరూ కూర్చోలేదు కూడా. కిటికీకి ఆమె కుట్టిన గోధుమరంగు తెర. బల్ల మీద వేయించిన కోడి, ఆలుగడ్డలు, వేడి రొట్టె, ఇంకా వెనిగర్ చల్లాల్సిన క్యాబేజీ, దోసకాయ ముక్కలు.

ఎవరి సీసా వాళ్లు చాటుగా సంచిలోకి దింపారు. లెక్కల మేడమ్ అందర్నీ వంటగదిలోంచి తరిమేసి, తలుపేసి, వాటిని కలిపి బిళ్లలు కట్టి తెచ్చింది. అన్నీ ఎరుపే. అన్నీ నల్లసంచుల్లోనే. 

ఒకటో నంబరు గరుకుగా, పుల్లగా దిగి నాలుకను పట్టేసింది. ఆమె మొహం ముడిచింది. రెండు బాగానే ఉంది, షాపుదని చెప్పేస్తోంది. మూడు నోట్లో పెట్టుకోగానే మెత్తగా, తియ్యగా జారింది. వెచ్చదనం మెల్లగా ఛాతీలో పరుచుకుంది. కళ్లు మూసుకుంది. షెడ్డు, ఎండ, చీమలు పట్టిన ద్రాక్షగుత్తి, నిచ్చెన మీద ఆయన వీపు, అన్నీ ఒక్కసారి కదిలొచ్చాయి. ఇదే. ఇదే ఆయన. కన్నీళ్లు వస్తుంటే దగ్గినట్టు నటించి తుడుచుకుంది. నాలుగోది ఏదో తాగాననిపించింది.

“సరే, ఏది పోద్దాం?” అన్నాడు రొట్టెలాయన. “నా ఓటు మూడుకి. పిల్లలకిచ్చే దగ్గుమందులా ఉంది.”

“నాది కూడా మూడే. ఇది ఎవరు తెచ్చారో గానీ, నా దగ్గరికి పళ్లు పీకించుకోడానికి పంపండి” అన్నాడు పళ్ల డాక్టరు.

 రొట్టెలాయన చెయ్యి అప్పుడే మూడో సంచి మెడ మీద పడింది.

“మూడు కాదు!” అంది గట్టిగా. అందరూ ఆమెవైపు తిరిగారు. “మూడుకేమైంది? ఒకటో నంబరు చూడండి, అదీ ఒక వైనేనా? నాలుక చీరుకుపోతోంది. పొయ్యాల్సింది దాన్ని.”

“ఒకటా?” అని లెక్కల మేడమ్ గ్లాసు మళ్లీ మూతికి ఆనించుకుంది. “కాస్త మొండిదే. కానీ అక్కయ్యా, ఇందులో ఏదో ఉంది. ఎవరో తెలిసిన మనిషి పోట్లాడుతున్నట్టుంది. ఉంచుదాం.”

“పోట్లాట తాగడానికి వచ్చామా? పుల్లటి పిండాకూడు! దాన్నే పొయ్యాలి.”

ఆమె ఇంత గట్టిగా మాట్లాడడం వాళ్లు ఎన్నడూ చూడలేదు. ఇన్నాళ్లకు మనిషి మళ్లీ మాటకు మాట చెబుతోంది కదా అని సంబరపడ్డారు. డాక్టరు చేతులెత్తేశాడు.

“అక్కయ్య మాటే మాట. ఒకటి. నియమం తెలుసుగా, వద్దన్నవాళ్లే పొయ్యాలి.”

ఆమె ఒకటో సంచిని ఎత్తుకుని వంటగదిలోకి వెళ్లింది. జాడీ మీద పళ్లెం తీసింది. సీసా వంచింది. గడగడమంటూ పోతుంటే, మూడో నంబరు దక్కిందన్న ఆనందంలో సంచి నడుమును చూపుడువేలితో తట్టింది, గ్లాసుల్లో పోసేటప్పుడు ఆయన సీసాను తట్టినట్టే. చివరి బొట్టు దాకా పోసి వచ్చింది.

సంచులు విప్పారు. మూడోది రంగురంగుల కాగితం అంటించిన సీసా. పళ్ల డాక్టరు నాలుక్కరుచుకున్నాడు.

“చచ్చాం. నాదే. తేవడం మర్చిపోయి, దారిలో పెట్రోలు బంకులో కొన్నాను.”

రొట్టెలాయన పగలబడి నవ్వుతూ రెండు, నాలుగు విప్పాడు. రెండు తనది, నాలుగు మేడమ్‌ది. ఆమె చేతిలోని ఖాళీ సీసా సంచి మాత్రమే మిగిలింది. ఆమె విప్పడం లేదు. మేడమ్ మెల్లగా తీసుకుని ముడి లాగింది. కాగితం లేని పచ్చ సీసా. పొట్టకు తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద పెన్సిలుతో వంకర అక్షరాలు. అవి ఎవరివో చెప్పనక్కర్లేకపోయింది.

రొట్టెలాయన నవ్వు సగంలో ఆగింది.

“వదినా... చెప్పొచ్చు కదా.”

“నేనే” అంది ఆమె. “వద్దన్నదీ నేనే. పోసిందీ నేనే.”

ఆమె గుర్తుపట్టింది ఆయన్ను కాదు. మనిషి పోయాక ఇన్నాళ్లూ కూర్చుని ఆయనలో తనే చక్కెర కలుపుకుంటూ వచ్చింది. కసరడం తీసేసింది, గరుకు తీసేసింది, ఒక మెత్తటి మనిషిని కుట్టుకుంది. అసలువాడు వచ్చి నాలుక మీద పోట్లాడితే, ఎవరో అనుకుని బయటికి నెట్టింది. ఆమెకు ఇది అప్పుడు తెలిసింది. వంటగదిలోకి పరుగెత్తి జాడీలోకి తొంగిచూసింది. నల్లగా నిండుగా ఉంది. ఏది పాతదో, ఏది ఆయనదో ఎవరు వేరు చేయగలరు?

అప్పుడు వినిపించింది. భుజం వెనక నుంచి, దగ్గరగా, కాస్త బొంగురుగా. ఆమె గొంతుతో కాదు, ఆయన గొంతుతోనే.

“విప్పకముందే పొయ్యాలి.”

ఆమె వెనక్కి తిరగలేదు. జాడీ అంచు పట్టుకుని నిలబడిపోయింది.

ఎంతకీ రాకపోయేసరికి మేడమ్ వచ్చి భుజం పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. కూరముక్కల గిన్నె మధ్యలో ఉంది. దాని మీద జాడీలోది చల్లడానికి ఎవరికీ చేతులు రాలేదు. వాళ్లు చూస్తుండగా ఆమే గరిట తెచ్చి చల్లింది, కలిపింది, ముందు తన పళ్లెంలో వేసుకుంది. పుల్లదనానికి మొహం ముడుచుకుపోయింది. ఏడుస్తూనే నమిలింది, ఇంకాస్త వేసుకుంది. మిగతావాళ్లూ వడ్డించుకున్నారు. ఎదురుగా ఉన్న ఆయన కుర్చీ కిర్రుమంది. అది ఆమె ఒక్కతే వింది.

ఆయన ఇంటికి కూడా వచ్చాడు. ఇప్పుడు రోజూ వస్తున్నాడు. ఆమె మిషను తొక్కుతున్నా, నిచ్చెనెక్కి ఎవరి కిటికీకో తెర కడుతున్నా, వెనకే నిలబడతాడు. ఆ గొంతు కోసం ఆమె ఎంత తపించిందో మనకు తెలుసు. అందుకే మొదట్లో ఎన్నో అడిగింది: భోజనం చేశారా, డిపోలో నొప్పి వచ్చిందా, నా మీద కోపమా అని. ఆయన దేనికీ బదులు చెప్పడు. ఆ ఒక్క మాటే అంటాడు, ఎప్పుడూ అదే, అదే కసురు గొంతుతో. ఆమె సూది ఆపుతుంది, చివరిదాకా వింటుంది. ఒక్కసారి కూడా ఆయన్ను పొమ్మనలేదు.