నాన్న ఎర్రగా ఉమ్మిన పొద్దున

బర్మాలో సైన్యం అధికారం లాక్కున్నాక, దానికి ఎదురుతిరిగి ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో పని మానేసి సమ్మెకు దిగినవాళ్ళ కోసం సైనికులు వెతుకుతున్న రోజులవి. మా నాన్న వాళ్ళలో ఒకరు. అందుకే పజుండౌంగ్‌లో మామ్మ ఇంటికొచ్చి, గుమ్మం దాటకుండా ఉన్నాం. అక్కడే ఆయన కడుపునొప్పి ముదిరింది. సమ్మెలో ఉన్న ఒక డాక్టరమ్మ రెండు వీధుల అవతల ఎవరింటి వెనకగదిలోనో రోగుల్ని చూసేది. కడుపులో క్రిమి చేరి పుండు పెట్టిందని పద్నాలుగు రోజులకు మాత్రలిచ్చింది. కిళ్ళీ మానమంది. రక్తం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మంది. నేను ఎనిమిదితో చదువాపినదాన్నే, అయినా మాత్రల బాధ్యత నాదే.

అయిదో రోజు పొద్దున నాన్న బేసిన్‌లో ఎర్రగా ఉమ్ముతూ కనిపించారు. పక్కింటాయన కిటికీలోంచి కిళ్ళీ ఇచ్చాడన్నారు. మామ్మ నమ్మేసింది. ఎర్రటి ఉమ్ము చూసి మా ఊళ్ళో ఎవరు కంగారుపడతారు, మెట్ల గోడలన్నీ అదే రంగు. నేనూ వదిలేసేదాన్నే. ఆయన మొహం బాగోలేక నాలిక చాపమన్నాను. పాలిపోయి ఉంది. పెదాలూ అంతే. కిళ్ళీ నమిలిన నోరు అలా ఉండదు.

"ఎందుకు నాన్నా అబద్దం?"

"సందు సివర ఆళ్ళున్నారే గుంటా. నన్నట్టుకుంటే పోనీ, నువ్వూ పక్కనుంటావు గదా."

"ఆళ్ళు అట్టుకుంటారో లేదో తెలీదు. ఈ రగతం మాత్రం ఆగట్లేదు. లెగు."

సైకిలు పక్కన సీటుండే సైకా బండి పిలిచి ఎక్కించాను. మామ్మ శాలువా ఆయనకు కప్పి, బేసిన్ నా ఒళ్ళో పెట్టుకున్నాను, మూత లేకుండా. సందు చివర సైనికుడు ఆపాడు. కరోనా రోజులు కదా, దగ్గూ వాంతులూ అని బర్మా భాషలో చెప్పేసరికి ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. బండి తొక్కమన్నాను.

డాక్టరమ్మ సూదిమందు వేసి, సెలైన్ పెట్టి, రెండు రోజులు అక్కడే ఉంచింది. ఇంకేం మింగావని గట్టిగా అడిగితే అప్పుడు బయటపడింది: మోకాళ్ళ నొప్పికి రోజూ చాటుగా మాత్రలు. పుండు రేగింది వాటివల్లేనంది. ఇంకో పూట ఆగుంటే మనిషి దక్కేవాడు కాదంది.

రక్తం ఆగాక క్రిమి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టమంటే, ఇక మాత్రలంటేనే భయమని నాన్న ససేమిరా అన్నారు. నేను నొప్పిమాత్రలు పారేసి, మోకాళ్ళకు నూనె రాసి, మింగేదాకా ఎదురుగా కూర్చున్నాను. ఒక్క పూటా తప్పలేదు.

కొన్ని వారాలకు పరీక్ష చేసి, క్రిమి లేదని డాక్టరమ్మ చెప్పింది. నాన్నతో కాదు, నావైపు తిరిగి చెప్పింది.