వైరు లేని సీటు బెల్టు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. భయం కాదు, చిరాకే. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. దామరచర్ల దగ్గర థర్మల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా పనిచేస్తాను. రోజంతా సెన్సార్లతోనే సావాసం. మీటరు తప్పు చూపిస్తోందంటే ఎక్కడో వైరు తెగి ఉంటుంది, లేదా ఎవడో పని సరిగా చేసి ఉండడు. మూడో కారణం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పోయిన యాసంగి కోతలప్పుడు మా కారును సూర్యాపేటలో సర్వీసింగ్‌కి ఇచ్చాను. ఆయిలు, ఫిల్టర్లు మార్చడం, బ్రేకులు చూడటం, మామూలు పనే. మిర్యాలగూడలో మా ఇంటికి తెచ్చిన మర్నాడు మా పాప మేఘనను బడికి తీసుకెళ్తుంటే డాష్‌బోర్డు మీద సీటు బెల్టు ఎర్ర లైటు వెలిగింది. టింగు టింగుమని ఒకటే మోత. నా బెల్టు నేను పెట్టుకునే ఉన్నాను. పక్క సీటు ఖాళీ.

సర్వీసింగ్ వాళ్లే ఏదో కెలికారని ఒళ్లు మండింది. మళ్లీ సూర్యాపేట వెళ్లి గట్టిగానే అడిగాను. వాళ్లు స్కానర్ తగిలిస్తే ఒక ఎర్రర్ కోడ్ వచ్చింది: వెనక ఎడమ సీటు బెల్టు, సర్క్యూట్ ఓపెన్, అంటే అక్కడెక్కడో వైరు తెగిందని. కోడ్ చెరిపేసి పంపించారు. ఇంటికి వచ్చేదాకా బాగానే ఉంది. మర్నాడు మేఘన ఎక్కగానే మళ్లీ మొదలు.

మేఘనకు తొమ్మిదేళ్లు. వెనక ఎడమ కిటికీ దగ్గరి సీటు తనది, అక్కడ ఇంకెవరినీ కూర్చోనివ్వదు. ఆ సీటులో బియ్యం బస్తా పెట్టి చూశాను, మోత లేదు. నా భార్య విజయ కూర్చుంది, అప్పుడూ లేదు. పాప కూర్చుంటే మాత్రం మోగుతుంది. కుడి పక్కకు జరిపితే ఆగిపోతుంది. ఏదో లూజు కనెక్షనే, యాదృచ్ఛికంగా అలా అవుతోందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ ఆదివారం కోదాడలో మా అత్తగారింట్లో బావమరిది కొడుకు పుట్టెంట్రుకలు. భోజనాలయ్యాక మేఘననూ ఎక్కించుకుని, మా బావమరిది చెప్పిన బషీర్ అనే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన స్కానర్‌లోనూ అదే కోడ్. వైరు ఎక్కడ తెగిందో చూడాలంటే సీటు కవరు తీయాలన్నాడు.

కారు కొన్న వారంలోనే అందరిలాగే మేమూ మెత్తటి సీటు కవర్లు వేయించాం. వేసినవాళ్లు వెనక బెల్టులు తగిలించే బకిల్స్‌ను కవరు కిందకు తోసేసి బిగించారు. మా వైపు ఏ కారులో చూసినా ఇదే సంగతి. వెనక కూర్చునేవాళ్లకూ బెల్టు ఉంటుందనే మాటే మేం మర్చిపోయాం.

బషీర్ కవరు విప్పి, సీటు లేపి, టార్చి వేసి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"సార్, ఈ మోడల్‌కి వెనక బెల్టు సెన్సారే ఇవ్వలేదండి. చూడండి, వైరే లేదు."

వంగి చూశాను. చేత్తో తడిమాను. వైరు లేదు, కనెక్టర్ లేదు. ఒట్టి బకిల్, దాని కింద ఒక బోల్టు. మరి కోడ్ ఎక్కడినుంచి వస్తోందని అడిగాను. ఆయన సీటు మళ్లీ బిగించి, పాపను కూర్చోబెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు. మోత మొదలైంది. బకిల్ ఇప్పుడు కవరు బయటే ఉంది కాబట్టి, ఊరికే చూద్దామని బెల్టు లాగి తగిలించాడు. టక్కున ఆగిపోయింది. తీశాడు, మోగింది. పెట్టాడు, ఆగింది. ఇది తన వల్ల కాదని చెప్పి బషీర్ స్కానర్ తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం విజయనూ ఎక్కించుకుని, మోత రాకుండా పాపకు బెల్టు పెట్టి, ముగ్గురం ఇంటికి బయల్దేరాం. హుజూర్‌నగర్ దాటాక, బెల్టు మెడకు ఒరుసుకుంటోందని మేఘన తీసేసింది. వెంటనే మోత. అప్పటికే నా బుర్ర పనిచేయడం లేదు.

"పెట్టుకుంటవా లేదా? ఆ సప్పుడు నేను వినలేను" అని కసిరాను.

పాప మూతి ముడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

నేరేడుచర్ల ఇంకా రాలేదు. కోతల కాలం కదా, రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. మసక చీకటి పడుతోంది. ఎదురుగా ఒక లారీ మీదికి వచ్చేసింది. ఎడమకు తిప్పాను. చక్రం రాయి ఎక్కింది, కారు వడ్ల కుప్పను గుద్దుకుని పల్టీ కొట్టింది.

వడ్లకు కాపలా ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చి మమ్మల్ని బయటికి లాగారు. నా చెయ్యి విరిగింది. విజయ తలకు తర్వాత కుట్లు పడ్డాయి. మేఘన పక్క తలుపు ఊడిపోయి ఎక్కడో పడింది. పాప మాత్రం బెల్టుకు వేలాడుతూ సీటులోనే ఉంది. నాలుగు గీతలు తప్ప ఏమీ కాలేదు.

వాళ్లలో ఒక ముసలాయన నా దగ్గర కూర్చుని, "గా బెల్టే లేకుంటే పిల్ల ఎగిరి కారు కింద పడుతుండె బిడ్డా" అన్నాడు. ఆ వడ్ల మీదే కూలబడి నేను బావురుమని ఏడ్చాను.

కారు రిపేరు చేసినవాళ్లు స్కాన్ చేస్తే పాత కోడ్ ఆనవాలు కూడా లేదు. ఈ మోడల్‌లో అలాంటి కోడే రాదని, నేనే ఏదో పొరబడి ఉంటానని అన్నారు. బషీర్‌కు ఫోన్ చేశాను. "మనిద్దరం చూశాం కదండీ" అని మాత్రం అన్నాడు. నా ఉద్యోగంలో నేర్చుకున్న కారణాలన్నీ ఒక్కొక్కటీ వేసి చూసుకున్నాను. ఏదీ అతకలేదు, ఇప్పటికీ అతకడం లేదు.

కారు ఇంటికొచ్చిన రోజు మేఘనను తన సీటులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టుకోవద్దని చెప్పి స్టార్ట్ చేశాను. ఏ చప్పుడూ లేదు. చాలాసేపు విన్నాను.

"బాగైంది కదా నాన్నా?" అంది పాప.

అవునన్నాను. వెళ్లి బెల్టు నేనే పెట్టాను. పాపకేమైనా కాబోతుంటే ఇక నాకు చెప్పేదెవరు?