రేవులో ముందు మీరు

మా పెదనాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. కోనసీమలో పుట్టినవాడిగా లోకానికి మర్యాద నేర్పే బాధ్యత తనమీద ఉందని ఆయన గట్టిగా నమ్మేవారు. గోదావరి దాటితే ‘అండీ’ అనడం ఎవరికీ రాదని, వాళ్ల తప్పేం లేదని, నీళ్లే అలాంటివని చెప్పేవారు. అవతలి ఒడ్డువాళ్లు తాగేదీ ఆ గోదావరి నీళ్లేనని ఆయనకెవరూ గుర్తుచేయలేదు. అది మర్యాద కాదు కదా.

తొంభైల చివర్లో నరసాపురంలోని ఒక స్కూలు నన్ను పది గంటలకు ఇంటర్వ్యూకి రమ్మంది. తోడుగా పెదనాన్నగారు ఇస్త్రీ పంచె కట్టి బయల్దేరారు. ఎనిమిదిన్నరకే సఖినేటిపల్లి రేవుకి చేరాం. అవతలి ఒడ్డుకి చేర్చే పంటు ఎక్కబోతుంటే మాతోపాటు ఇంకో పెద్దాయన వచ్చారు. నరసాపురంలో బట్టల కొట్టుందట.

“ఆయ్, తమరెక్కండి,” అన్నారు పెదనాన్నగారు.

“అబ్బే, ముందు మీరండి.”

అవతలి ఒడ్డు మనిషి మర్యాదలో తనను మించడం పెదనాన్నగారు సహించలేకపోయారు. వయసు అడిగారు. ఇద్దరికీ అరవై రెండే. పుట్టిన నెల తేల్చుకునేలోగా పంటు వెళ్లిపోయింది. రెండో పంటుకీ అదే తంతు. సైకిళ్లవాళ్లు, చేపల బుట్టలవాళ్లు వాళ్లిద్దరినీ తప్పించుకుని ఎక్కేస్తున్నారు. నేను పెదనాన్నగారి చెయ్యి పట్టుకుని లాగితే, కోనసీమ పిల్లవి, అలా తొందరపడకూడదని నన్నే మందలించారు.

మూడో పంటు రాగానే ఇద్దరి మధ్యలోంచి తోసుకుని ఎక్కేశాను.

స్కూలుకి చేరేసరికి పదకొండు దాటింది. ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు చెబితే హెడ్మాస్టరుగారు నవ్వలేదు. రేవులో అలా అవుతూనే ఉంటుందని కూర్చోబెట్టి, లెక్కల టీచరుగా తీసుకున్నారు.

మూడింటికి తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఇంకా ఇవతలి ఒడ్డునే, టీ కొట్టు బల్లమీద ఉన్నారు. పెదనాన్నగారి మొహం వెలిగిపోతోంది.

“విన్నావామ్మా, వీరి అమ్మమ్మగారిది మన రాజోలేనంట. అటువైపు వాళ్లకి ఇంత మర్యాద ఎక్కడిదా అని నేనప్పుడే అనుకున్నాను.”

“ఆయ్,” అన్నారు పెద్దాయన.

పెదనాన్నగారు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నేను నెమ్మదిగా అడిగాను. వాళ్ల అమ్మమ్మది నరసాపురమేనట.

“పొద్దుట్నించీ అడుగుతున్నారమ్మా. కాదంటే బాధపడతారేమోనని అవునన్నాను.”

ఆ స్కూల్లో ఆరేళ్లు పనిచేశాను. ప్రతి వేసవిలో పెదనాన్నగారు నాచేత ఆ పెద్దాయనకి ఒక ఆవకాయ జాడీ పంపేవారు, అమ్మమ్మగారి ఊరి రుచి మర్చిపోకూడదని. ఆయన రెండు చేతులతో అందుకుని, అచ్చం మా అమ్మమ్మ పెట్టినట్టే ఉందనేవారు.