చావు కబురుకు దరువు

మానుకోటలో ఎవరు పోయినా ఆ కబురు గులాం మొహిద్దీన్ ఆటో మీది మైకులోంచే ఊరికి చేరేది. నల్లా నీళ్లు రాకపోయినా, బర్రె తప్పిపోయినా అంతే. ఏళ్ల తరబడి అరిచి అరిచి అతని గొంతులో కాయ కట్టింది.

"ఇంక అరిస్తే ఉన్న గొంతు కూడా పోతది," అన్నాడు వరంగల్ దవాఖానలో డాక్టరు. మెల్లగా చెప్పి రికార్డు చేసుకొని, దాన్నే మళ్లీ మళ్లీ వినిపించడం ఒక్కటే దారి.

జనగామలో డీజే నడిపే అక్క కొడుకు అబ్దుల్ బారీ ఒక కంప్యూటరు తెచ్చి, అందులో పెద్ద సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు.

"పాటలు తయారుచేసేటోళ్లు వాడేది మామూ ఇది. నీ గొంతు ఎట్ల మారుతదో చూడు."

తెర నిండా మీటలు, గీతలు, ఎగిరిపడే పచ్చదీపాలు. మొహిద్దీన్ నాలుగు మాటలు చెప్పి విందామంటే చప్పుడే లేదు. ఇంకోసారి చెబితే సగం మాటలు ఒక వరసలో, సగం ఇంకో వరసలో పడ్డాయి. దాచిన ఫైలు ఆటోలో పలకలేదు. దాన్ని మరో రకంగా మార్చాలట.

"నాకు గివన్నీ ఎందుకురా?" అని అడిగితే బారీ నవ్వాడు.

"నేర్చుకో మామూ. చిన్నవాటితోటి చేస్తే చిన్నగనే ఉంటం."

ఆ నవ్వుకు మొహిద్దీన్‌కు ఒళ్లు మండింది. తన ఇంట్లో తానే మొద్దులా కూర్చోవడం రోత పుట్టించింది.

ఒకరోజు పొద్దున పక్క వీధి చంద్రమ్మ చనిపోయింది. ఎండకు ఆటో ఆగితే చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చే మనిషి. ఆమె కొడుకు కట్టయ్య వచ్చి చెప్పగానే మొహిద్దీన్ కబురు రికార్డు చేశాడు. ఆ రోజే వరంగల్‌లో గొంతు చూపించుకోవాలి. మిగతాది తాను చూసుకుంటానని, ఆటో తానే తిప్పుతానని ముందురోజే జనగామ నుంచి వచ్చి ఉన్న బారీ అన్నాడు.

మధ్యాహ్నం రైలు దిగి స్టేషన్ బయటికొచ్చిన మొహిద్దీన్‌కు తన గొంతే వినిపించింది. "చంద్రమ్మ గారు స్వర్గస్థులైనారు... లైనారు... నారు..." దాని కింద ధనధనమని దరువు. చాయ్ బండి దగ్గర ఒకడు కాలు ఆడిస్తున్నాడు. ఇంకొకడు నవ్వుతూ ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

మొహిద్దీన్ ఆటోకు అడ్డంపోయి వైరు పీకేశాడు.

"ఏంది రా గిది?"

"గొంతు గంభీరంగ ఉండాలని జర ఎఫెక్ట్ వేసిన మామూ. దరువు దానంతటదే వచ్చింది, ఎట్ల ఆపాల్నో దొరకలే. అయినా జనం ఆగి వింటున్నరు చూడు."

"చావు మీద ఎగురుతున్నరురా. థూ."

మొహిద్దీన్ పోయేసరికి కట్టయ్య ఇంటి ముందు చంద్రమ్మను పడుకోబెట్టి ఉన్నారు. కట్టయ్య అరవలేదు. "గొంతు నీదే కదా అన్నా. మా అవ్వను నవ్వులపాలు చేసినవ్," అన్నాడు.

మొహిద్దీన్ తిరిగొచ్చి, బారీని ఆటోలోంచి దించి, డాక్టరు మాట పక్కన పెట్టి మైకు చేతబట్టాడు. వీధి వీధికీ పోయి కబురు మళ్లీ చెప్పాడు. అంత్యక్రియలు మొదలయ్యేసరికి అతని నోట గాలి తప్ప మాట రాలేదు.

ఆదివారం భూపాలపల్లిలో బడి పంతులమ్మగా చేసే కూతురు అఫ్రీన్ వచ్చింది. తెర వైపు కాసేపు చూసి, "నీకు కావాల్సిందేంది అబ్బాజాన్?" అంది.

మొహిద్దీన్ గుసగుసగా చెప్పాడు: "చెప్పాలె. వినాలె. తప్పు పడితే కోసెయ్యాలె. ఆటోల మోగాలె."

"గింతేనా? గీ మాట నిన్ను ఎవరూ అడగలేదా?"

పెద్దదాన్ని తీసేసి చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టింది. నాలుగంటే నాలుగే మీటలు. గొంతు సగం తిరిగొచ్చాక మొహిద్దీన్ పని దానితోనే సాఫీగా సాగింది.

కట్టయ్య మాత్రం ఆటో కనబడితే మొహం తిప్పుకుంటున్నాడు. ఆ వీడియో ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. ఎవరైనా చాయ్ బండి దగ్గర పెడితే మొహిద్దీన్ గ్లాసు అక్కడే వదిలి లేచిపోతాడు. బారీయే దాన్ని తన డీజే ప్రచారానికి పెట్టుకున్నాడని తెలిసినప్పటి నుంచి మొహిద్దీన్ జనగామలోని అక్క ఇంటికి పోవడమే మానేశాడు.